ఇంగ్లీషు పాఠంలో బొమ్మల నోట్సు: గీయించే పద్ధతి, మాట్లాడించే పద్ధతి

ఇంగ్లీషు పాఠం వింటూ విద్యార్థులు రాసుకున్న నోట్సును పరిశీలిస్తే సాధారణంగా రెండు రకాల పేజీలు కనిపిస్తాయి. ఒక రకంలో బోర్డు మీది వాక్యాలు ఉన్నవి ఉన్నట్టుగా ఎక్కి ఉంటాయి. రెండో రకంలో వింటున్న వేగాన్ని చెయ్యి అందుకోలేక మధ్యలో తెగిపోయిన వాక్యాలు ఉంటాయి. రెండు సందర్భాల్లోనూ విద్యార్థి శ్రద్ధ స్పెల్లింగుల మీద, పదాల వరుస మీద ఖర్చయిపోయి, అసలు చెప్పిన విషయం వెనకబడిపోతుంది. నేర్చుకుంటున్న భాషలో నోట్సు తీసుకోవడం ఎవరికైనా కష్టమే. వినడం, అర్థం చేసుకోవడం, ముఖ్యమైనదాన్ని ఏరుకోవడం, రాయడం ఒకేసారి జరగాలి, వాటిలో ఏ ఒక్కటీ ఇంకా అలవాటైన పని కాదు. ఈ భారాన్ని తగ్గించడానికి బొమ్మల నోట్సు బాగా ఉపయోగపడుతుంది.

బొమ్మల నోట్సు అంటే కొద్దిపాటి ముఖ్యమైన మాటలు, తేలికైన గీతబొమ్మలు, బాణాలు, గడులు, వాటన్నిటినీ పేజీ మీద అర్థవంతంగా అమర్చిన తీరు. చిత్రకళతో దీనికి సంబంధం లేదు. ఒక గుండ్రని తల, నాలుగు గీతలు ఉంటే అది మనిషి. ఒక చతురస్రం మీద త్రికోణం ఉంటే అది ఇల్లు. ఇంతకు మించిన నైపుణ్యం ఈ పనికి అక్కరలేదు.

అయితే భాషాబోధనలో ఈ పద్ధతిని వాడే ఉపాధ్యాయుడు మొదటి రోజు నుంచీ గట్టిగా పట్టుకోవలసిన నియమం ఒకటుంది. పేజీ మీద అర్థం ఉండాలి, భాష విద్యార్థి నోటి నుంచి రావాలి. విద్యార్థి గీసిన బొమ్మను చూస్తూ ఇంగ్లీషులో చెప్పినప్పుడే ఆ బొమ్మ భాషాపాఠంలో భాగమవుతుంది. చెప్పించకుండా వదిలేసిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఆ తరగతిలో ఇంగ్లీషు జరగనట్టే. ఇక్కడ వివరించే పద్ధతులన్నీ ఈ ఒక్క నియమం నుంచి వచ్చినవే.

భాష నేర్పడానికి బొమ్మలు వాడడం కొత్త విషయం కాదు. చెక్ విద్యావేత్త యాన్ ఆమోస్ కొమీనియస్ 1658లో న్యూరెంబర్గ్ నగరంలో ప్రచురించిన పాఠ్యపుస్తకంలో ప్రతి బొమ్మలోని వస్తువులకూ అంకెలు వేసి, ఆ అంకెల ప్రకారమే లాటిన్ మాటలను మాతృభాష మాటల పక్కన ఇచ్చాడు. మూడున్నర శతాబ్దాల తర్వాత, 2007 ప్రాంతంలో, అమెరికన్ డిజైనర్ మైక్ రోడీ ఉపన్యాసాలు వింటూ తాను గీసుకున్న పేజీలను స్కెచ్‌నోట్స్ అని పిలవడంతో ఆ పేరు ప్రచారంలోకి వచ్చింది. ఈ రెండింటికీ మధ్య ఉపాధ్యాయుడు గమనించవలసిన తేడా ఉంది. కొమీనియస్ పుస్తకంలో బొమ్మ ముందే సిద్ధంగా ఉంటుంది, విద్యార్థి చూస్తాడు. స్కెచ్‌నోట్‌లో ఏది గీయాలో, ఏది వదిలేయాలో గీసేవాడే నిర్ణయించుకుంటాడు. అర్థం చేసుకోనిదే ఆ నిర్ణయం తీసుకోలేడు.

గీయడం జ్ఞాపకానికి ఎందుకు సాయపడుతుందో పరిశోధకులు కొంతవరకు వివరించారు. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ పైవియో 1971లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం మాటలనూ దృశ్యాలనూ మనసు రెండు వేర్వేరు మార్గాల్లో భద్రపరుస్తుంది. రెండు మార్గాల్లోనూ చేరిన విషయాన్ని తిరిగి అందుకోవడం తేలిక. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో కొన్ని పదాలను పదేపదే రాయమని, మరికొన్నిటిని అంతే సమయంలో గీయమని చెప్పగా, గీసిన పదాలే ఎక్కువగా గుర్తున్నాయి. బొమ్మ బాగా కుదిరిందా లేదా అన్నదానికి ఆ ఫలితంతో పెద్దగా సంబంధం లేదు. అయితే ఆ ప్రయోగాలు ప్రధానంగా తెలిసిన పదాల జాబితాలతో చేసినవి. వాటిని చూపించి, బొమ్మలు గీస్తే వ్యాకరణం దానంతటదే వచ్చేస్తుందని చెప్పడం సరికాదు. బొమ్మ అర్థాన్ని నిలబెడుతుంది. ఆ అర్థాన్ని సరైన ఇంగ్లీషు వాక్యంగా మార్చే సాధన ఉపాధ్యాయుడు విడిగా చేయించాలి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

సామగ్రి విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. గీతలు లేని తెల్ల కాగితాన్ని అడ్డంగా పెట్టుకుంటే బొమ్మకూ మాటకూ పక్కపక్కన చోటు దొరుకుతుంది. ఒక నలుపు లేదా నీలం పెన్ను, దానికి తోడు ఒకే ఒక్క రంగు చాలు. రంగుపెట్టెలు తెరిస్తే తరగతి సమయం రంగులకే పోతుంది. ఆ ఒక్క రంగుకు కూడా ఒక పని అప్పగించాలి: ఉదాహరణకు క్రియలన్నీ ఆ రంగులోనే రాయాలని నిర్ణయిస్తే, పేజీని చూడగానే వాక్యాల వెన్నెముక కనబడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా మీద మాత్రం ఏ అర్థాన్నీ ఆధారపరచకూడదు. ఆ రెండింటినీ విడిగా గుర్తించలేని విద్యార్థులు ఏ తరగతిలోనైనా ఉండవచ్చు.

అసలు సన్నాహం గుర్తుల విషయంలో ఉంటుంది. తరగతి మొత్తానికీ ఒకే అర్థమిచ్చే ఇరవై ముప్పై గుర్తులను మొదటి రెండు వారాల్లో కలిసి ఏర్పరచుకోవాలి. చుక్క, గీత, వృత్తం, చతురస్రం, త్రికోణం, ఈ ఐదింటితో గీయలేని వస్తువు దాదాపు ఉండదు. మనిషి, చోటు, సమయం, డబ్బు, మాట్లాడడం, ఆలోచించడం, వెళ్లడం, ఇవ్వడం, పెరగడం, తగ్గడం వంటివి ఏ పాఠంలోనైనా వస్తాయి కనుక వాటితో ప్రారంభించవచ్చు. ఉపాధ్యాయుడు తన గుర్తులను రుద్దకుండా, ప్రతి భావానికీ ఇద్దరు ముగ్గురు విద్యార్థుల చేత బోర్డు మీద గీయించి, అందరికీ వెంటనే అర్థమైనదాన్ని ఎంచుకోవడం మేలు. ఆ ఎంపిక సంభాషణ ఇంగ్లీషులోనే జరిగితే అది కూడా ఒక పాఠమే. "ఇట్ లుక్స్ లైక్ ఎ క్లాక్", "ఐ థింక్ ఇట్ మీన్స్ వెయిటింగ్" వంటి వాక్యాలు అక్కడ సహజంగా పుట్టుకొస్తాయి.

వేర్వేరు దేశాల విద్యార్థులు కలిసి చదివే తరగతిలో గుర్తుల అర్థాన్ని ముందే తేల్చుకోవడం మరింత అవసరం. జపాన్‌లో జవాబు సరైనదని చెప్పడానికి వృత్తం గీస్తారు, టిక్కు గుర్తు తప్పును సూచించవచ్చు. అరబిక్ వంటి కుడి నుంచి ఎడమకు రాసే భాషల్లో చదువుకున్నవారికి గతం కుడివైపు ఉన్నట్టు అనిపించవచ్చు. అందువల్ల కాలరేఖను ఎడమ నుంచి కుడికి గీస్తున్నామని మాటల్లో చెప్పి, రేఖ చివర బాణం వేయాలి.

మొదటి పాఠం: కలిపే మాటలు

చాలామంది ఉపాధ్యాయులు మొదటి రోజున చెట్టు, పిల్లి, పుస్తకం వంటి నామవాచకాలను గీయిస్తారు. నా దృష్టిలో అది తేలికైన ఆరంభమే కాని ఉపయోగకరమైన ఆరంభం కాదు. పిల్లిని గీయగలిగినంత మాత్రాన విద్యార్థి నోట్సు తీసుకోలేడు. నోట్సుకు కావలసింది విషయాల మధ్య సంబంధం. అందుకే బికాజ్, సో, బట్, ఆల్దో, ఇఫ్, బిఫోర్, అన్‌టిల్ వంటి కలిపే మాటలకు గుర్తులు తయారు చేయించడంతో మొదలుపెట్టాలని నా సలహా.

ఇందుకు సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. బోర్డు మీద రెండు గడులు గీసి, ఒకదానిలో వాన బొమ్మను, రెండోదానిలో ఇంట్లో ఉన్న మనిషి బొమ్మను వేయాలి. వాన నుంచి ఇంటికి బాణం వేసి, ఆ బాణాన్ని ఎలా చదువుతారని అడగాలి. "ఇట్ వాజ్ రెయినింగ్, సో షి స్టేడ్ ఎట్ హోమ్" అని ఒకరు చెబితే, అదే బాణాన్ని రెండో చివర నుంచి చదవమని మరొకరిని అడగాలి. అప్పుడు "షి స్టేడ్ ఎట్ హోమ్ బికాజ్ ఇట్ వాజ్ రెయినింగ్" వస్తుంది. ఒకే బాణం రెండు దిక్కుల నుంచి చదివితే రెండు వేర్వేరు మాటలు అవసరమవుతాయన్నది విద్యార్థి కంటితో చూస్తాడు. తర్వాత రెండో గడిలో మనిషిని ఇంటి బయట గీసి, బాణం మధ్యలో ఒక అడ్డగీత వేయాలి. అనుకున్నట్టు జరగలేదని ఆ అడ్డగీత అర్థం. "ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్, షి వెంట్ అవుట్" అన్న వాక్యానికి అదే బొమ్మ. ఆల్దోతో మొదలైన వాక్యం మధ్యలో మళ్లీ బట్ పెట్టడం తరచుగా కనబడే పొరపాటు. బాణం మీద అడ్డగీత ఒక్కటే ఉందని, కనుక మాట కూడా ఒక్కటే రావాలని చూపిస్తే ఆ పొరపాటును విద్యార్థి తానే గుర్తించి సరిచేసుకోగలుగుతాడు.

తర్వాత విద్యార్థులు జతలుగా కూర్చుని, ఒకరు రెండు గడులూ ఒక బాణమూ గీసి ఇస్తే రెండోవారు దాన్ని వాక్యంగా చెప్పాలి. అలా చెప్పలేకపోతే బొమ్మలో ఏం లోపించిందో ఇద్దరూ కలిసి ఆలోచించి దిద్దుకోవాలి.

వినే పాఠంలో వాడే విధానం

బొమ్మల నోట్సు అత్యధికంగా ఫలించేది లిజనింగ్ పాఠాల్లోనే, కనుక దీన్ని వివరంగా చెబుతాను. రెండు మూడు నిమిషాల నిడివి గల, స్పష్టమైన క్రమం ఉన్న పాఠాన్ని ఎంచుకోవాలి. ఒక పని ఎలా జరుగుతుందో, ఒక సంఘటన ఏ వరుసలో నడిచిందో, రెండు వస్తువులకు తేడా ఏమిటో చెప్పే పాఠాలు అనుకూలం. అభిప్రాయాలు, వాదనలు మొదట్లో వద్దు.

మొదటిసారి వినిపించేటప్పుడు పెన్నులు కింద పెట్టించాలి. ఈ నియమం విషయంలో రాజీ పడకూడదు. మొదటి వాక్యం నుంచే గీయడం మొదలుపెట్టిన విద్యార్థి రెండో వాక్యాన్ని వినడు. వినడం పూర్తయ్యాక ఈ పాఠం దేని గురించి, ఎన్ని భాగాలుగా ఉంది అని మాత్రం అడగాలి. ఆ జవాబును బట్టి పేజీని ఎలా విభజించుకోవాలో విద్యార్థి నిర్ణయించుకుంటాడు. రెండోసారి వింటూ బొమ్మలు, బాణాలు మాత్రమే గీయాలి. మూడోసారి, అవసరమైన చోట మాత్రమే, మాటలు చేర్చాలి: పేర్లు, అంకెలు, బొమ్మకు లొంగని మాటలు, కొత్తగా విన్న మాటలు. ఒక పేజీకి పది పన్నెండు మాటలకు మించకూడదని హద్దు పెడితే ఏరుకోవడం అలవాటవుతుంది.

తేనెటీగ నాట్యం గురించిన పాఠాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఆహారం కనుగొన్న తేనెటీగ తుట్టెకు తిరిగి వచ్చి, నిలువుగా ఉన్న తేనెపట్టు మీద ఒక సరళరేఖలో ఒళ్లు ఊపుతూ నడుస్తుంది. ఆ రేఖ నిట్టనిలువుగా పైకి ఉంటే ఆహారం సూర్యుడి దిక్కున ఉన్నట్టు. రేఖ కుడివైపుకు ఎంత వాలితే, ఆహారం సూర్యుడి దిక్కుకు కుడివైపున అంత కోణంలో ఉన్నట్టు. ఊపుతూ నడిచే సమయం పెరిగితే దూరం పెరిగినట్టు. ఈ సంకేతాన్ని విప్పి చెప్పిన ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఈ సమాచారాన్ని వాక్యాలుగా రాసుకోవాలంటే ఇంగ్లీషు బాగా వచ్చినవారికి కూడా తడబాటు తప్పదు. బొమ్మల్లో అయితే ఎడమ సగంలో సూర్యుడు, తుట్టె, పువ్వు, వాటి మధ్య కోణం. కుడి సగంలో ఒక నిలువు గీత, అదే కోణంలో వాలిన అలల గీత. కింద ఒక పొట్టి అలకు దగ్గరి పువ్వు, ఒక పొడుగు అలకు దూరపు పువ్వు. మాటలు హైవ్, డాన్స్, ఏంగిల్, సన్, ఫాన్ ఫ్రిష్, 1973 అన్నవి చాలు.

ఇప్పుడు అసలు పని మొదలవుతుంది. విద్యార్థులు జతలుగా మారి తమ పేజీని ఎదుటివారికి చూపిస్తూ మొత్తం పాఠాన్ని ఇంగ్లీషులో తిరిగి చెప్పాలి. కింద గీసిన రెండు అలల దగ్గరకు వచ్చేసరికి "వెన్ ది డాన్స్ ఈజ్ లాంగ్, ది ఫుడ్ ఈజ్ ఫార్" అని ఎవరో చెబుతారు. అక్కడ ఉపాధ్యాయుడు ఆ బొమ్మను బోర్డు మీదకు ఎక్కించి, "ది లాంగర్ ది డాన్స్, ది ఫార్దర్ ది ఫుడ్" అనే నిర్మాణాన్ని అందించాలి. అర్థం పేజీ మీద ముందే సిద్ధంగా ఉంది కనుక విద్యార్థి తన శ్రద్ధ మొత్తాన్ని కొత్త నిర్మాణం మీద పెట్టగలుగుతాడు. వ్యాకరణాన్ని సరిగ్గా అవసరం పడిన క్షణంలో అందించడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదని నా నమ్మకం.

చెప్పడం ఒకసారితో ఆగకూడదు. జతను మార్చి రెండోసారి, మళ్లీ మార్చి మూడోసారి చెప్పించాలి. ప్రతిసారీ సమయాన్ని కొద్దిగా తగ్గిస్తే మాటల మధ్య తడబాటు తగ్గుతుంది. ఆ తర్వాతే రాయించాలి. రాసేటప్పుడు బొమ్మల పేజీ ఎదురుగా ఉండవచ్చు, పాఠం మూలం మాత్రం ఉండకూడదు. చివరగా మూలపాఠాన్ని ఇచ్చి తమ వాక్యాలతో పోల్చుకోమంటే, తాము ఏ చోట ఆర్టికల్ వదిలేశారో, ఏ క్రియారూపం తప్పిందో విద్యార్థులే గుర్తిస్తారు.

వ్యాకరణానికి గీతలు

టెన్సులకు కాలరేఖ చాలామంది ఉపాధ్యాయులకు తెలిసినదే. దాన్ని ఉపాధ్యాయుడు గీసి చూపించడంతో సరిపెట్టకుండా, వాక్యం విని విద్యార్థి గీయడం, రేఖ చూసి విద్యార్థి వాక్యం చెప్పడం అనే రెండు దిక్కుల సాధనగా మార్చాలి. పూర్తయిన ఒక్క పనికి రేఖ మీద ఒక ఇంటూ గుర్తు, కొనసాగుతున్న పనికి అలల గీత, అలవాటుకు వరుసగా చాలా ఇంటూ గుర్తులు, ఇప్పటి క్షణానికి నిలువు గీత అని పెట్టుకుంటే చాలా టెన్సులు వీటితోనే గీయవచ్చు. "ఐ వాజ్ కుకింగ్ వెన్ ది ఫోన్ ర్యాంగ్" అంటే ఒక అలల గీతను మధ్యలో ఒక ఇంటూ గుర్తు తాకుతుంది. "ఐ లివ్డ్ ఇన్ దట్ హౌస్ ఫర్ టెన్ ఇయర్స్" అంటే నిలువు గీతకు చాలా ముందే ముగిసిన అడ్డగీత. "ఐ హావ్ లివ్డ్ ఇన్ దిస్ హౌస్ ఫర్ టెన్ ఇయర్స్" అంటే నిలువు గీతను వచ్చి తాకిన అడ్డగీత. ఈ రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి, "డస్ షి లివ్ దేర్ నౌ?" అని అడిగితే జవాబు బొమ్మలోనే ఉంటుంది.

కాలరేఖకు పరిమితులు ఉన్నాయి. "ఇఫ్ ఐ హ్యాడ్ ఎ కార్, ఐ వుడ్ డ్రైవ్ టు వర్క్" అన్న వాక్యంలో హ్యాడ్ గతరూపమే అయినా కాలం గతం కాదు. దాన్ని కాలరేఖ మీద గతం వైపు గీయిస్తే విద్యార్థిని తప్పుదారి పట్టించినట్టే. అటువంటి వాక్యానికి ఖాళీ చేతుల మనిషిని గీసి, తల పైన ఒక మేఘం, మేఘంలో కారు పెట్టించాలి. మేఘంలో ఉన్నదంతా వాస్తవం కాదని తరగతిలో ఒప్పందం ఉంటే విష్, వుడ్, ఇఫ్ అన్నీ ఆ మేఘంలోకి చక్కగా చేరతాయి.

మస్ట్, మే, మైట్, కాంట్ వంటి మోడల్ క్రియలను ఊహ ఎంత గట్టిదన్న అర్థంలో వాడినప్పుడు ఒక నిలువు కొలమానం మీద పెట్టించవచ్చు. "హి మస్ట్ బి ఎట్ హోమ్" పైభాగంలో, "హి మైట్ బి ఎట్ హోమ్" నడిమిలో, "హి కాంట్ బి ఎట్ హోమ్" అడుగున ఉంటాయి. మస్ట్ తప్పనిసరి బాధ్యతను కూడా సూచిస్తుంది కనుక ఆ అర్థానికి వేరే పేజీ వాడాలి. రెండు అర్థాలనూ ఒకే కొలమానం మీద కలిపితే గందరగోళమే మిగులుతుంది.

మాతృభాషలో ఆర్టికల్స్ లేని విద్యార్థులకు ఎ, ది అనే చిన్న మాటలు పెద్ద చిక్కు. ఒకేలా ఉన్న ఐదు వృత్తాలు గీసి, వాటిలో ఏదో ఒకదానికి నీడ వేస్తే అది ఎ. తర్వాతి గడిలో నుంచి ఆ నీడ వేసిన వృత్తానికే వెనక్కి బాణం వేస్తే అది ది. "ఐ బాట్ ఎ పెన్. ది పెన్ డిడ్ నాట్ వర్క్" అన్న రెండు వాక్యాలూ ఈ బొమ్మలో పూర్తిగా ఇమిడిపోతాయి. సూర్యుడి వంటి ఒకే ఒక్క వస్తువుకు ది ఎందుకు వస్తుందో చూపాలంటే ఒకే వృత్తం గీస్తే సరిపోతుంది. ఆర్టికల్స్ నియమాలన్నీ ఇలా బొమ్మలకు లొంగవు, లొంగనివాటిని పదబంధాలుగానే నేర్పాలి.

ప్రిపొజిషన్లలో ఇన్, ఆన్, ఎట్ మూడింటికీ పెట్టె, తలం, చుక్క అనే మూడు గుర్తులు చోటుకే కాక సమయానికీ పనికొస్తాయి. సంవత్సరం, నెల పెద్ద పెట్టెలు: ఇన్ 2019, ఇన్ మార్చ్. రోజు ఒక తలం: ఆన్ మండే. గడియారం చూపే సమయం ఒక చుక్క: ఎట్ సిక్స్. ఎట్ నైట్ వంటివి ఈ అమరికలో ఒదగవు. వాటిని బలవంతంగా ఇరికించకుండా పేజీ అంచున చిన్న గడిలో అలాగే రాసి ఉంచాలి.

పదాలు, ఉచ్చారణ

పదజాలం కోసం బొమ్మలు వాడేటప్పుడు విడి పదానికి విడి బొమ్మ అన్న పద్ధతి త్వరగానే చాలకుండా పోతుంది. బొమ్మ ఎప్పుడూ కచ్చితంగా ఒకే మాటను చెప్పదు. కుక్క బొమ్మను డాగ్ అనీ, పప్పీ అనీ, పెట్ అనీ చదవవచ్చు. అందుకని కొత్త పదాన్ని బొమ్మ పక్కన తప్పక రాయించాలి, వీలైనప్పుడల్లా దాన్ని తోడు పదంతో కలిపి గీయించాలి. డెసిషన్ అని కాక మేక్ ఎ డెసిషన్, రెయిన్ అని కాక హెవీ రెయిన్. రెండుగా చీలిన దారి ముందు నిలబడ్డ మనిషి బొమ్మ కింద మేక్ ఎ డెసిషన్ అని ఉంటే, డు ఎ డెసిషన్ అనే పొరపాటుకు అవకాశం తగ్గుతుంది. ఫ్రీడమ్, ట్రస్ట్ వంటి భావాలకు ఉపాధ్యాయుడు గుర్తు ఇవ్వకూడదు. విద్యార్థి తనకు తోచిన ఒక చిన్న సన్నివేశాన్ని గీసి, అది ఆ మాటను ఎలా చూపుతుందో రెండు మూడు వాక్యాల్లో వివరించాలి. ఆ వివరణలోనే పదం అర్థం స్థిరపడుతుంది.

ఉచ్చారణకు బొమ్మల నోట్సులో చోటు కల్పించేవారు తక్కువ, నిజానికి అది ఇక్కడ చాలా సులభం. పదంలోని ప్రతి సిలబుల్‌కూ ఒక వృత్తం, స్ట్రెస్ పడే, అంటే ఒత్తి పలికే సిలబుల్‌కు పెద్ద వృత్తం గీయాలి. ఫొటోగ్రాఫ్ అన్న పదానికి మూడు వృత్తాల్లో మొదటిది పెద్దది. ఫొటోగ్రఫీకి నాలుగింటిలో రెండోది పెద్దది. ఫొటోగ్రాఫిక్‌కు నాలుగింటిలో మూడోది పెద్దది. ఒకే కుటుంబానికి చెందిన మూడు పదాల్లో స్ట్రెస్ ఎలా జరిగిందో విద్యార్థి వింటూనే కంటితో పట్టుకుంటాడు. వాక్యం చివర స్వరం లేచిందా దిగిందా అన్నదానికి ఒక వంపు బాణం చాలు.

చదివే పాఠంలో

ఇక్కడ పద్ధతి క్లుప్తంగానే చెప్పవచ్చు. పాఠం చదవడం పూర్తిచేసి, పుస్తకం మూసిన తర్వాతే గీయించాలి. పుస్తకం తెరిచి ఉంటే విద్యార్థి మళ్లీ ఎక్కించుకోవడంలోకి జారుకుంటాడు. పేజీ ఆకారాన్ని పాఠం నిర్మాణమే నిర్ణయించాలి. క్రమం చెప్పే పాఠానికి గొలుసు, వర్గీకరణకు కొమ్మల చెట్టు, రెండింటి పోలికకు జాన్ వెన్ 1880లో పరిచయం చేసిన ఒకదానిపై ఒకటి పడే వృత్తాలు. ఒకే పాఠానికి ఇద్దరు విద్యార్థులు వేర్వేరు ఆకారాలు ఎంచుకుంటే, ఎందుకలా ఎంచుకున్నారో వాదించుకోమనాలి. ఆ వాదన జరగాలంటే పాఠంలోకి మళ్లీ వెళ్లక తప్పదు.

అడ్డంకులు, మార్కులు

నాకు గీయడం రాదనే మాట ప్రతి తరగతిలోనూ వినబడుతుంది, అది తీసిపారేయవలసిన మాట కాదు. ఉపాధ్యాయుడు బోర్డు మీద వేగంగా, మోటుగా గీసి చూపిస్తే విద్యార్థుల బెరుకు తగ్గుతుంది. జాగ్రత్తగా అందంగా గీస్తే ఆ బెరుకు పెరుగుతుంది. అప్పటికీ ఇష్టపడనివారిని గడులు, బాణాలు, మాటలతోనే నోట్సు తీసుకోనివ్వాలి. విషయాల మధ్య సంబంధం పేజీ మీద కనబడుతున్నంత వరకు అదీ బొమ్మల నోట్సే. చూపు లేని లేదా తక్కువగా ఉన్న విద్యార్థి తరగతిలో ఉంటే, బల్ల మీద వస్తువులను వరుసగా అమర్చి, తాడుతో కలిపి, చేత్తో తడిమి చెప్పే ఏర్పాటు చేయాలి. జతలో రెండోవారు తమ పేజీని మాటల్లో వర్ణించడం ఇద్దరికీ మంచి సాధన అవుతుంది.

ఇంతకంటే పెద్ద ప్రమాదం అలంకరణ. అక్షరాలకు నీడలు వేయడం, అంచులకు పూలతీగలు గీయడం మొదలైతే ఇంగ్లీషు ఆగిపోతుంది. విషయానికి సంబంధం లేని ఆకర్షణీయమైన బొమ్మలు నేర్చుకోవడానికి అడ్డుపడతాయని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ తదితరుల పరిశోధనలు కూడా చెబుతున్నాయి. గీయడానికి ఇచ్చే సమయం కంటే చెప్పడానికి ఇచ్చే సమయం కనీసం రెట్టింపు ఉండేలా గడియారం చూసుకుని పాఠం నడపాలి.

బొమ్మ అందానికి మార్కులు వేయకూడదు. వేసిన మరుక్షణం విద్యార్థుల శ్రద్ధ అటు మళ్లుతుంది. పరీక్షించవలసినవి మూడే. ముఖ్యమైన విషయం ఏదైనా జారిపోయిందా? విషయాల మధ్య సంబంధం సరిగ్గా పడిందా? ఆ పేజీని చూస్తూ విద్యార్థి ఎంత స్పష్టంగా, ఎంత సరైన ఇంగ్లీషులో చెప్పగలిగాడు? మార్కుల్లో ఎక్కువ భాగం మూడోదానికే చెందాలి. పెద్ద తరగతిలో అందరి మాటా వినడం సాధ్యం కాదు కనుక, రోజుకు ఐదారుగురి చొప్పున వంతులు వేసుకుని, మిగిలినవారిని జతల్లో ఒకరి మాట ఒకరు వినేలా చేయవచ్చు.

గీసిన పేజీలను దాచి ఉంచడమే కాక తిరిగి వాడించాలి. చదివినదాన్ని మళ్లీ చదవడం కంటే గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించడం దీర్ఘకాల జ్ఞాపకానికి ఎక్కువ మేలు చేస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి. బొమ్మల నోట్సు అందుకు అమరినట్టుగా ఉంటుంది. మర్నాడు పాఠం మొదట్లో మాటల మీద చెయ్యి అడ్డుపెట్టి, బొమ్మలను మాత్రమే చూస్తూ రెండు నిమిషాలు చెప్పించాలి. వారం తర్వాత పేజీలను ఇద్దరి మధ్య మార్చి, ఎదుటివారి బొమ్మల నుంచి చెప్పించాలి. నెలకోసారి పాత పేజీని చూడకుండా అదే విషయాన్ని కొత్త కాగితం మీద గీయించి, రెండింటినీ పక్కపక్కన పెట్టించాలి. కొత్త పేజీలో లోపించిన బాణాలే ఆ విద్యార్థికి మళ్లీ చెప్పవలసిన పాఠం ఏదో ఉపాధ్యాయుడికి చూపిస్తాయి.